గోటితో తడిమి చూసే మిస్త్రీ

నాకు రాయడం సరిగా రాదు, అక్షరాలు తప్పుంటే ఏమనుకోకండి. కట్టంగూరులో నా పాత కిరాయి కారు ఇంజను విప్పి మళ్ళీ కట్టిన మిస్త్రీ గురించి రాస్తున్నాను.

ఆ రోజు పొగగొట్టం ఇంజనుకు కలిసే చోట అతుకులో సందు మూసే కొత్త గ్యాస్కెట్ పెట్టాలి. అంతలో నా భార్యకు నొప్పులు మొదలయ్యాయి. ఊళ్ళో ఇంకో కారు లేదు. ఆయనేమో ఇనుముకు అంటిన పాత గ్యాస్కెట్ ముక్కలు గీకుతూ, మాటిమాటికీ గోటితో తడిమి చూస్తున్నాడు.

“జల్ది బిగియ్యి మిస్త్రీ, ఆమె సచ్చిపోతాంది!” అని అరిచాను.

“నువ్వు ఒర్లితే ఇనుము సాఫ్ గాదు. జర సందున్నా పొగ లోపలికొస్తది, తల్లీబిడ్డలు తొవ్వలనే పోతరు. పోయి ఆమెను తోల్కరా,” అన్నాడు.

తీసుకొచ్చేసరికి ఇంజను నడుస్తోంది. ఆయన అతుకు దగ్గర అరచెయ్యి పెట్టి, పొగ తగలట్లేదని చూసి, “ఇగ పో” అన్నాడు.

నల్లగొండ దాకా కారులో పొగ వాసన రాలేదు. దవాఖాన గేటు దగ్గరే, కారులోనే పుట్టి నా బిడ్డ గట్టిగా ఏడ్చింది.

తప్పులుంటే మీ ఇంటివాడిననుకుని మన్నించండి.