కింది గేరి వేలిముద్రలు

నా చిన్నప్పుడు మా తాతయ్య ఊరికి సర్పంచి. కోయిలకుంట్ల నుంచి ఆళ్లగడ్డ పోయే దారిలో, శనగ చేల మధ్య చిన్న ఊరు మాది. ఏ విషయం తేల్చాలన్నా పంచాయతీ సభ పెట్టాలి. అంతకు ముందు తలారి నోటీసు పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, సభ సంగతి తెలిసినట్టు ఇంటికొక సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. పుస్తకం నిండందే తాతయ్య సభ మొదలుపెట్టేవాడు కాదు.

ఆ ఎండాకాలం పంచాయతీ సమితి నుంచి మా ఊరికి ఒకే ఒక్క బోరు మంజూరైంది. అది ఎక్కడ వేయాలో సభలో చేతులెత్తి తేల్చుకోవాలి. మా వీధిలో అప్పటికే చేదబావి ఉంది. ఊరి చివర కింది గేరిలో ఉన్న పదకొండిళ్ల వాళ్లకు మాత్రం వంక నీళ్లే దిక్కు. వాళ్లంతా చర్చికి పోయే కూలివాళ్లు. సరిగ్గా అప్పుడే తలారికి జ్వరమొచ్చింది. అయిదో తరగతి చదువుతున్నాను కదా అని తాతయ్య పుస్తకం, ఇంకు పెట్టె నా చేతికిచ్చాడు. నేను ఉబ్బితబ్బిబ్బయిపోయాను.

మా వీధులు బుద్ధిగానే తిరిగాను. కింది గేరి దాకా వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఎండకు పోలేకపోయానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను గానీ, అది అబద్ధం. ఆ గడపల ముందు నిలబడటం, వాళ్లు ముట్టుకున్న పుస్తకాన్ని మళ్లీ పట్టుకోవడం నాకు నామోషీ అనిపించింది. మా ఇంట్లో అలా పెంచారని తప్పించుకోను, అది తప్పని తెలిసేంత బుద్ధి నాకప్పటికే ఉంది. గడ్డివామి చాటున కూర్చుని నా పది వేళ్లూ అద్దాను. ఒకటి తక్కువైతే బొటనవేలు ఇంకోసారి అద్దాను. ఆ గేరిలో సంతకం చేయగలిగిన వాళ్లుంటారని నాకు తోచనైనా లేదు.

సభకు కింది గేరి నుంచి ఒక్కరూ రాలేదు. వచ్చి అడిగితే కాదనే మొహం ఊళ్లో ఎవరికీ ఉండేది కాదు. పుస్తకంలో ముద్రలున్నాయి, మనుషులు రాలేదు, అక్కర లేదేమో అనుకున్నారు. చేతులెత్తారు. నంద్యాల నుంచి బండి వచ్చి మా వీధిలోనే బోరు వేసి పోయింది.

మరునాడు కింది గేరి పెద్దామె మా అరుగు దగ్గరికొచ్చింది. చర్చిలో బైబిలు చదివి వినిపించేది ఆమే. సభ సంగతి తమకెవరూ చెప్పలేదంది. తాతయ్యకు కోపమొచ్చి పుస్తకం తెచ్చి ఆమె ముందు తెరిచాడు.

"ఈడ మీ ముద్రలన్నీ ఉండాయి కదమ్మా."

ఆమె ఆ పేజీని చాలాసేపు చూసింది. "మా గేరిలో ఆరిండ్లోళ్లు సంతకం చేస్తారప్పా. నేను వేలిముద్ర ఏసేది మానుకోని శానా ఏండ్లాయ."

ఆ ముద్రలు ఎంత చిన్నవో తాతయ్య అప్పుడు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

కొట్టలేదు. దగ్గర కూర్చోబెట్టుకుని మొదటి ముద్ర మీద వేలు పెట్టి, ఇది ఎవరిదని అడిగాడు. నాకు తెలియదు. రెండోది ఎవరిదన్నాడు. తెలియదు. ఏటా మా చేలో కలుపు తీసే మనుషులు వాళ్లు. వాళ్లలో ఒక్కరి పేరు కూడా నాకు తెలియదు. పదకొండుసార్లు అడిగాడు, పదకొండుసార్లు తల దించుకున్నాను.

"ఇడిసిపెట్టప్పా, పిల్లది," అంది ఆమె.

తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాటకే నాకు ఏడుపొచ్చింది. ఆమె ఒక్కొక్క ఇంటివాళ్ల పేరూ నిదానంగా చెబుతుంటే, తాతయ్య నాచేత ముద్రల పక్కనే రాయించాడు. తప్పు తనదేనని ఒప్పుకుంటూ ఆ రోజే ఇంకో బోరు కోసం అర్జీ పెట్టాడు.

అది రావడానికి మూడు ఎండాకాలాలు పట్టింది. ఆ మూడేళ్లూ కింది గేరి ఆడవాళ్లు మా వీధి బోరు దగ్గరికొచ్చి, మా బిందెలన్నీ నిండేదాకా దూరంగా నిలబడి ఉండేవాళ్లు. ఆ పెద్దామె కూడా నిలబడేది. నేను కనిపిస్తే ఏం చదువుతున్నానని నవ్వుతూ పలకరించేది. తప్పయిపోయింది అవ్వా అందామని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది, అనలేకపోయాను. వాళ్ల గేరిలో బోరు పడేనాటికి ఆమె లేదు.

ఇప్పుడు మాకు నంద్యాలే జిల్లా. సభ కబురు ఫోన్లోకే వస్తోంది. అది చూసినప్పుడల్లా ఆ పదకొండు పేర్లూ ఆమె చెప్పిన వరసలోనే నోట్లో మెదులుతాయి. వాటిలో ఆమె పేరు చిట్టచివరిది. అందరి పేర్లూ చెప్పాక గానీ తన పేరు చెప్పలేదు.