రికార్డుల్లో లేని పేరు

ఆరోగ్య పథకంలో ఏం మార్పులు కావాలో చెప్పమని ఈ రోజు వాకాడులో అధికారులు సభ పెట్టారు. వేదిక మీద ఒక ఆసుపత్రి మేనేజరు, "కార్డుతో వచ్చినోళ్లను మేము ఎప్పుడూ వెనక్కి పంపలేదు" అన్నాడు. పోయినేడు గుండెనొప్పితో విలవిల్లాడుతున్న మా ఆయన్ని, కార్డు చూసి, బెడ్లు లేవని గేటు దగ్గరే తిప్పి పంపింది అతనే. నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోతుంటే, దారిలోనే ఆటోలో ఆయన ప్రాణం పోయింది.

నేను లేచి అదంతా మైకులో చెప్పాను.

"ఆ పేరు మా రికార్డుల్లోనే లేదమ్మా" అన్నాడు మేనేజరు.

"ఎట్టుంటది సారూ? గేటు దాటనిస్తే గదా రాసేది!"

జనం చప్పట్లు కొట్టారు. రోగిని చేర్చుకోకపోతే కారణం సంతకంతో రాసివ్వాలనే నిబంధన పెట్టమన్నాను. అధికారి రాసుకున్నారు. మేనేజరు చెమటలు తుడుచుకుంటూ మధ్యలోనే లేచి వెళ్లిపోయాడు. ఆ మొహం చూసి నా కడుపు చల్లబడింది. పాపమని మీకెవరికైనా అనిపిస్తే చెప్పండి, నాకైతే అనిపించలేదు.