తెగాల్సిన గట్టు

ఆ రోజుల్లో కోడలికి ఉద్యోగం దొరికితే సరిపోయేది కాదు. ఆ ఉద్యోగాన్ని అత్త వచ్చి కళ్ళారా చూసి ఒప్పుకోవాలి. పెళ్ళిచూపుల్లో నన్ను చూసినట్టే మా అత్త నా ఉద్యోగాన్నీ చూసింది. పెళ్ళిచూపులే నయం, తలొంచుకుని కూర్చుంటే గడిచిపోయాయి.

మాది పద్మనాభం వైపు ఒక పల్లె. వరి తప్ప ఇంకోటి తెలియదు. మా ఆయనకి (పోయి చాలా కాలమైంది, ఉంటే ఈ సంగతి నాకంటే బాగా చెప్పేవాడు, సగం అబద్ధాలు కలిపి) పట్నం పోర్టులో పని దొరికితే, పూర్ణా మార్కెట్ వెనక ఒక గది తీసుకుని కాపురం పెట్టాం. సముద్రం గురించి చదువుకునే ఒక ఆఫీసులో నేను ఊడ్చే పనికి చేరాను. రెండో తరగతితో బడి మానేసినదాన్ని, చీపురే ఎక్కువ అనుకున్నాను. అక్కడొక సారు ఉండేవారు. చాటుగా మేమంతా ఆయన్ని బురద సారు అనేవాళ్ళం. ఆయన దగ్గర మంచం కంటే పొడవైన గాజు తొట్టె ఉండేది. అడుగున ఇసకని ఏటవాలుగా పరిచి, పైన తేట నీళ్ళు నింపి, ఎత్తు వైపు నుంచి బురద నీళ్ళు సన్నటి ధారగా పోయించేవారు. ఒకసారి పోసే మనిషి రాకపోతే నన్ను పిలిచారు. మట్టి జల్లించి, గడ్డల్లేకుండా పిసికి, ధార తెగకుండా పోశాను. "ఇకనుంచి నువ్వే" అన్నారు. చీపురు పోయి బక్కెట్ వచ్చింది. నాకు కలెక్టరు ఉద్యోగం వచ్చినంత సంబరం. వీధిలో ఎవరడిగినా "సముద్రం పని" అని చెప్పేదాన్ని.

ఆ గొప్ప పల్లెదాకా పాకింది. సరిగ్గా అప్పుడే వరి ఉడుపులకి మనుషులు చాలక, వచ్చెయ్యమని మా అత్త కబురు పెట్టింది. నేను రానన్నాను. (అత్తకి ఎదురు చెప్పడం అదే మొదలు. అదీ మా ఆయన చేత చెప్పించాను.) దాంతో ఆవిడే బస్సెక్కి దిగింది. "నీ పని నాను సూత్తాను. అంత గొప్పదైతే ఉండు. కాపోతే మూట కట్టి నాతో వొచ్చీ" అంది. జనాన్ని ఆఫీసు చూడ్డానికి రానిచ్చే రోజు కలిసొచ్చింది. తీసుకెళ్ళాను. దారంతా ఒకటే ఆలోచన. పల్లెకి తిరిగి వెళ్ళడమంటే మా ఆయన ఒకచోట, నేనొకచోట. కొత్త కాపురం మరి.

నేను మోచేతులదాకా బురదలో ఉండగా అత్త బక్కెట్లోకి తొంగి చూసింది.

"ఇదేటే?"

"బురదత్తా."

"బురదని నాకూ తెలుసు. బురద కలపడానికి పట్నం రావాలేటే గుంటా? మన మడిలో లేదేటి?"

చూడ్డానికి వచ్చినవాళ్ళంతా పక్కుమన్నారు. నా ముఖం బక్కెట్లో ఉన్నదాని రంగులోకి మారిపోయింది. సారే కల్పించుకుని, "అమ్మా, కాస్త చూడండి" అన్నారు. నేను పోయడం మొదలుపెట్టాను. బురద నీరు తేట నీటిలో కలవకుండా, బరువుకి అడుగునే పాకుతూ వాలు దిగింది. పోస్తూ ఆగుతూ, పోస్తూ ఆగుతూ, ఒకటే కాలవ పడింది. దాని ఒడ్డున మట్టి దిగి దిగి అటూ ఇటూ చిన్న గట్లు లేచాయి. అత్త తొట్టె మీదికి వంగి చూస్తోంది. గట్టు మీద చూపు అతికిపోయింది. నాకు కాస్త ఊపిరొచ్చింది.

కాలవ ఎత్తయింది. ఒక వంపులో గట్టు సన్నగా చిట్లింది. సారు పొద్దుటినుంచి ఎదురుచూస్తున్నది దానికోసమే. "చూడండి, చూడండి, ఇప్పుడే..." అంటున్నారు. ఇంతలో మా అత్త, "ఓలమ్మో, గండి!" అని ఒక్క కేక పెట్టి, నా బక్కెట్ అడుగునుంచి గుప్పెడు మట్టి తీసి, గాజులతో సహా చెయ్యి తొట్టెలో ముంచి, గండి పూడ్చేసి, పైన అరచేత్తో రెండు దెబ్బలు కూడా వేసింది.

"అమ్మా! అది తెగాలి!" అన్నారు సారు, దాదాపు ఏడుపు గొంతుతో.

"తెగాలా? సదువుకున్నోడివి, ఏటి బాబూ ఆ మాట? తెగితే కింద మడికి నీరెలాగెల్తాది?"

"కింద మడి లేదమ్మా. అది సముద్రం అడుగు."

"మరి అక్కడ గట్టు సూసుకునేవోడు ఎవుడు?"

"ఎవడూ లేడు. బురదే తన గట్లు తను కట్టుకుంటుంది. ఎత్తయ్యాక తెగి పక్కకి పోతుంది. అక్కడ మళ్ళీ గట్లు, మళ్ళీ గండి. అలా తెగీ తెగీ విసనకర్రలా పరుచుకుంటుంది. గంగ తెచ్చిన మట్టి మన బంగాళాఖాతం అడుగున అలాగే శ్రీలంక దాటిపోయింది."

"ఒక్క గండీ పూడ్సకుండానే?"

"ఒక్కటీ."

అత్త తడి చెయ్యి కొంగుకి తుడుచుకుని, "ఐతే తెగనీ. నాను సూత్తాను" అని అక్కడే పాతుకుపోయింది. సారు ఆవిడ చేతుల వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "బక్కెట్ నాకివ్వు. నువ్వు మీ అత్తగారిని పట్టుకో" అన్నారు.

పట్టుకున్నాను. రెండు చేతులూ కలిపి, నా రెండు చేతులతో. సారు పోస్తున్నారు. గట్టు ఇంకోచోట చిట్లింది. నా పిడికిట్లో అత్త వేళ్ళు చేపపిల్లల్లా కొట్టుకున్నాయి. "అయ్యో, ఎల్లిపోతన్నాదే... ఎల్లిపోతన్నాది!" గండి పెద్దదై, బురద పక్కకి దూకి, కొత్త దారి పట్టింది. చూస్తూండగానే ఆ దారికీ సన్నగా గట్లు మొలిచాయి. "ఓలప్పా, మళ్ళీ కట్టేసుకుంటన్నాదే!" అని అత్త చిన్నపిల్లలా నవ్వింది.

ఆవిడతో బస్టాండు దాకా నడిచాను. ఆగలేక నేనే అడిగాను, "మూట కట్టనా అత్తా?" అని.

"రోజూ అలాగే తెగుతాదేటే?"

"రోజూనే."

"నువ్వు సెయ్యి పెట్టవా?"

"పెట్టకూడదత్తా."

"గండి పడతాంటే సూత్తా ఊరుకోడం! అబ్బో, అది మా వల్ల కాదే తల్లీ. నువ్వుండు. ఉడుపులకి కూలోళ్ళని పెట్టుకుంటాను" అని బస్సెక్కి, కిటికీలోంచి, "గట్టిగా పట్టేసినావే, సేతులు నొప్పెడుతున్నాయి" అని అరిచింది.

ఆ రోజు మా అత్తని నేనే ఆపానని చాలా ఏళ్ళు అందరికీ గొప్పలు చెప్పుకున్నాను. ఇప్పుడు ఆవిడ వయసుకి వచ్చాక తెలుస్తోంది. జీవితమంతా మోపులు ఎత్తిన చేతులవి. ఒక్క విదిలింపు విదిలిస్తే నేను వెళ్ళి గోడకి అతుక్కునేదాన్ని. ఊరుకున్నది ఆవిడే. అయినా పళ్ళు బిగబట్టి, కళ్ళు మూసుకుని, ఏనుగుని ఆపుతున్నట్టు వేలాడిన ఆ బక్కపిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. పోనీలే, ఆపాననే అనుకోనీ.