అత్తకు నప్పని తెలుపు

మా మేనత్త పోయింది. ఆ కబురు వచ్చినప్పుడు నేను మాదాపూర్‌లో మా ఆఫీసు లాబీలో చమ్కీల లెహంగా వేసుకుని ఫొటోలకు నిలబడి ఉన్నాను. ఆ రోజు మాకు ఎథ్నిక్ డే, అందరం సంప్రదాయ బట్టల్లో రావాలి. పక్క ఫ్లాట్ ఆమె ఫోన్ చేసి, "మీ అత్త కింద పడ్డది బిడ్డా, దవాఖానకు తెచ్చినం, జల్ది రా" అంది. నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. గుండె ఆగిపోయిందన్నారు.

ఆసుపత్రి నుంచి క్యాబ్‌లో ఇంటికి వస్తున్నంతసేపూ ఆమె మీద కోపంగానే ఉన్నాను. పొద్దున తలుపు దగ్గర నన్ను పైనుంచి కిందికి చూసి ఆమె అన్న మాట ఇది: "బట్టలు పోతున్నయ్ ఆఫీసుకు. నువ్వైతే ఇంట్లనే ఉన్నవ్." నేను తలుపు ధడాలున వేసి వచ్చాను. వేసినందుకు నాకేమీ బాధ లేదు. మనిషన్నాక పోయేరోజైనా ఒక్క మంచి మాట అనొద్దా? నాకు మిగిలిన ఆఖరి మాట అది!

ఆమె మా బాపుకు అక్క. బ్యాంకులో పనిచేసి రిటైరైంది. మామ పోయి చాలా ఏళ్లయింది, పిల్లల్లేరు. కొండాపూర్‌లో సొంత ఫ్లాటు. నేను ఉద్యోగం వెతుక్కుంటూ కరీంనగర్ నుంచి వచ్చినప్పుడు హాస్టల్లో చేరతానంటే బాపు ఒప్పుకోలేదు. "అక్క ఉండంగ హాస్టలేంది" అన్నాడు. అలా ఆమె చేతికి చిక్కాను. గుమ్మం పక్కన నిలువుటద్దం, అద్దం పక్కన కుర్చీ, కుర్చీలో ఆమె. ఆ ముగ్గురినీ దాటకుండా నేను ఏనాడూ బయటికి పోలేదు.

మొదటి ఇంటర్వ్యూకు ఫ్రెండ్ దగ్గర అడిగి తెచ్చుకున్న నల్ల కోటు, ప్యాంటు వేసుకున్నాను. అద్దంలో నాకే నేను పెద్ద మేనేజర్‌లా కనిపించాను. "కూసో" అంది. కూర్చున్నాను. "చెయ్యి లేపు" అంది. లేపాను. చంకల దగ్గర పట్టేసింది. "మరి గిట్ల బిగుసుకపోయి ఏం మాట్లాడుతవ్ వాళ్లతోటి? నీ నూలు కుర్తా లేదా, గా నీలంది? అండ్ల నీ నోరు మంచిగ లేస్తది." నా నోరు గురించి ఆమెకు బాగా తెలుసు. నేను వినలేదు, కోటుతోనే వెళ్లాను. అడిగినవాటికి జవాబులు చెప్పడం మానేసి చంకల దగ్గర కోటు లాక్కుంటూ కూర్చున్నాను. ఆ ఉద్యోగం రాలేదు. తర్వాతిదానికి ఏం వేసుకెళ్లానో మీకు వేరే చెప్పక్కర్లేదు, ఆమెకైతే నేను ఈ రోజు వరకూ చెప్పలేదు. ఆమెకు తెలుసు. ఆ కుర్చీలోంచి చూసింది కదా, మహాతల్లి.

మ్యాచింగ్ అన్న మాట వింటే ఆమెకు ఒళ్లు మండేది. కోకాపేటలో మా టీమ్ అమ్మాయి రిసెప్షన్‌కు గులాబీ రంగు చీర, అదే రంగు జాకెట్, గాజులు, చెప్పులు, పర్సు, చివరికి గోళ్ల రంగు కూడా కలిపి తయారయ్యాను. దానికోసం కూకట్‌పల్లిలో కాళ్లు పడిపోయేలా తిరిగాను. గదిలోంచి బయటికి రాగానే, "అయ్యో! మ్యాచింగ్ సెంటరే నడిసొస్తున్నదిరో" అని కుర్చీలో ఊగిపోతూ నవ్వింది. ఏడుపొచ్చింది నాకు. "ఇగ నవ్వు, నవ్వి నవ్వి సావు" అన్నాను. ఆమె నవ్వడం ఆపకుండానే లేచి, తన పాత ముదురాకుపచ్చ పట్టు జాకెట్ తెచ్చి నా మీద పడేసింది. "రంగుల్ని కలుపుడు కాదే. ఒకదాన్నొకటి మాట్లాడనియ్యాలె. అన్నీ ఒక్కటే మాట అంటుంటే ఎవలింటరు?" ఆ జాకెట్‌ను పక్కల కుట్లు బిగించి తొడుక్కుని వెళ్లాను. అక్కడ అందరూ ఎక్కడ కుట్టించావని అడిగారు. ఆమె మాట నిజమైనందుకు మర్నాడంతా ఆమెతో మాట్లాడలేదు.

ఇంకొక మాట చెప్పాలి. పోయినేడు మా మేనేజర్ వాళ్ల నాన్న పోతే పరామర్శకు బయలుదేరాను. సినిమాల్లో చూసి, ఇస్త్రీ మడత నలగని తెల్ల సల్వార్ వేసుకున్నాను. అత్త చూసింది. ఆ రోజు నవ్వలేదు. "చావుకు పోయేటప్పుడు ఉతికి ఉతికి మెత్తబడ్డ బట్ట కట్టాలె. ఏడ్సేటోళ్లు పట్టుకుంటరు. వాళ్ల చేతికి అందాలె అది" అంది. ఈ ఒక్క మాటకు మాత్రం నేను వెంటనే లోపలికెళ్లి పాత నూలు సల్వార్ మార్చుకున్నాను.

తెలుపంటే అసలు ఆమెకే పడేది కాదు. మామ పోయినప్పుడు ఎవరో తెల్లచీర కట్టించారట. అద్దంలో చూసుకుని, "గీ చీరెల నేను లేను" అని విప్పి పడేసిందట. ఆవపిండి రంగు నారాయణపేట నూలు చీర, దాని మీదికి చిలకపచ్చ జాకెట్ వేసుకుని బ్యాంకుకు వెళ్లిందట. జనం నోళ్లు నొక్కుకున్నారట. "తెలుపు మంచి రంగే. నాకు నప్పదు. నన్ను మింగుతది" అనేది. ఆ ఆవపిండి రంగు చీర అంచులు చిరిగితే కుట్టించుకుని మరీ కట్టుకుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ మధ్యాహ్నం సెల్లార్‌లో జరిగిన దానికి నా కడుపు ఇంకా రగులుతోంది కాబట్టి. శవాన్ని లిఫ్టులో పైకి తేవద్దని మా అపార్ట్‌మెంట్ వాళ్లు అన్నారు. కిందే, కార్ల మధ్య, ఫ్రీజర్ బాక్సులో పెట్టారు. కరీంనగర్ నుంచి బాపు వచ్చాడు. వస్తూనే నన్ను పట్టుకుని నా భుజం మీద తల పెట్టబోయాడు. చమ్కీలు చెంపకు గుచ్చుకుని వెనక్కి జరిగాడు. అప్పటికీ నేను లెహంగాలోనే ఉన్నాను. ఆ క్షణాన నా ఒంటి మీది బట్టను చించి పారేయాలనిపించింది.

మాలో ఆడమనిషి పోతే ఒంటి మీద ఆఖరి చీర తల్లిగారింటి నుంచి, అంటే పుట్టింటి నుంచి, రావాలి. తల్లిగారంటే ఇప్పుడు బాపే. ఆయన ఏది ఇస్తే అదే కట్టాలి, ఇంకెవరూ కాదనడానికి లేదు. నేను పైకి పరుగెత్తి ఆవపిండి రంగు చీర, చిలకపచ్చ జాకెట్ తెచ్చి బాపు చేతిలో పెట్టాను.

గంజిపెట్టిన తెల్లచీరలో కుర్చీ వేసుకుని కూర్చున్న మామ తోబుట్టువు, అత్తకు ఆడబిడ్డ, లేచింది. "ఏందిది? మొగడు లేని మనిషికి పసుపుపచ్చ చీరెనా? నలుగురు చూస్తే ఏమంటరు?"

"బతికినన్ని రోజులు కట్టింది గద ఇదే!" అన్నాను.

"బతికున్నప్పుడు ఆమె ఇష్టం. ఇప్పుడు మన పద్ధతి."

"బాపూ, నువ్వు చెప్పు. అత్తకు తెలుపు పడదని నీకు తెల్వదా?"

బాపు నా వైపు చూడలేదు. "తెలుసు బిడ్డా. జర ఊకో. ఇప్పుడు లొల్లెందుకు" అన్నాడు. నేను తెచ్చిన చీర తిరిగి నా చేతికే ఇచ్చేశాడు. సంచిలోంచి పాలిథిన్ కవర్ తీశాడు. దారిలో కొన్న తెల్లచీర, ధర చీటీ కూడా ఊడలేదు. అంటే నలుగురికి భయపడి, వచ్చేటప్పుడే అనుకుని వచ్చాడన్నమాట. అక్క ఒంటి మీద ఏముండాలో చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి నోరు మూసుకున్నాడు. ఆడబిడ్డను నేను లెక్కచేయను, ఆమె ఎప్పుడూ అంతే. బాపును మాత్రం క్షమించలేదు.

అదే కట్టారు. నిజంగానే తెలుపు ఆమెను మింగేసింది. ముఖమేదో, బట్టేదో తెలియలేదు. బండి సెల్లార్ దాటి రోడ్డెక్కుతుంటే ఆమె మాటే వినిపించింది. చీర పోతోంది, అత్త అయితే ఇంట్లోనే ఉంది.

పైకి వచ్చి స్నానం చేశాను. లెహంగాను మూలకు తన్నాను. చిలకపచ్చ జాకెట్ నాకు వదులైతే పిన్నులు పెట్టుకుని, ఆమె చీర కట్టుకున్నాను. అన్ని ఉతుకులు ఉతికాక ఆ నూలు లేత అరటాకులా మెత్తగా ఒంటికి అంటుకుంది. అద్దంలోకి చూడకుండా వెళ్లి ఆమె కుర్చీలో కూర్చున్నాను.

చీకటి పడే వేళకు శ్మశానం నుంచి బాపు వచ్చాడు. తడి బట్టలతో గుమ్మంలో నిలబడి కుర్చీ వైపు చూశాడు. "అక్కా" అన్నాడు. వెంటనే తప్పు తెలిసి తల వంచుకున్నాడు. నడిచి వచ్చి నా కాళ్ల దగ్గర నేల మీద కూలబడి, కొంగు రెండు చేతులా పట్టుకుని ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

నేను ఓదార్చలేదు. కొంగు లాక్కోలేదు.