నింపని సీసా

ఆ ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీస్తే పాలకంటే ముందు వాగునీళ్ల సీసాలు కనిపించేవి. ఒక్కోదానికీ ఒక తేదీ చీటీ. పెళ్లయిన కొత్తలో భర్త దాహానికి ఆగలేక ఒక సీసా గటగటా ఖాళీ చేశాడు. "నా మంగళవారం కాస్తా తాగేశారు కదండీ" అని ఆమె తల పట్టుకుంది. ఆ మాట గోడ దాటింది. వీధివాళ్లకు ఆమె సీసాల మేడం అయిపోయింది.

ఊరికి పదహారు కిలోమీటర్ల దూరంలో, రెండు కొండల మధ్య ఒక పిల్లవాగు ఉంది. ఆవిరైపోయింది పోగా ఆ కొండల మీద కురిసిన నీళ్లన్నీ అందులోకే దిగాలి. ఏ దారిన దిగుతాయి, ఎన్నాళ్లకు దిగుతాయి అన్నదే ఆమె పరిశోధన. అందుకోసం రోజూ పొద్దున్నే వాన కొలవాలి, వాగులో పాతిన పలక మీద నీటిమట్టం చూడాలి, ఒక సీసా నింపాలి.

రెండో ఏడు వానలు మొదలయ్యేసరికి ఆమెకు ఏడో నెల. మంచం దిగితే ఊరుకోనంది డాక్టరమ్మ. ఏడాది శ్రమ నీళ్లపాలేనని ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. మామగారు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. మాట పొదుపు. గుమ్మం దగ్గర నిలబడి అడిగాడు.

"ఎన్నింటికి చూడాలమ్మా?"

"ఏంటి మామయ్యా?"

"వాగు."

"ఏడింటికి. ఈ వానలో మీకెందుకండీ ఆ తిప్పలు?"

"ఆరుంపావుకి బస్సుంది. అందుతుంది."

మూడు నెలలు అలాగే వెళ్లాడు. ఆడపిల్ల పుట్టి, ఆమె కాస్త తేరుకున్నాక, ఆయన రాసిన నోటుబుక్కు తెరిచింది. ట్రిప్పు షీటులా కొట్టివేత లేని అంకెలు. ఒక్క శనివారం దగ్గర మాత్రం అంకెల్లేవు. "వాగు పొంగింది. పలక మునిగింది. దగ్గరికి పోవడానికి భయమేసింది. సీసా నింపలేదు."

ఆ ఏడాదికి అదే పెద్ద వరద. ఆమెకు కావలసింది సరిగ్గా ఆ రోజే. నిరాశ మొహంలో కనపడకుండా దాచుకోవడం ఆమెకు చేతకాదు. మర్నాటినుంచి మామగారు ఆమె కాఫీ తాగి లేచాకే వంటింట్లోకి వచ్చేవాడు.

ఆమె చేత పరిశోధన చేయిస్తున్న ప్రొఫెసరు గారు తేలిగ్గా తేల్చేశారు. "ముందు రోజుదీ తర్వాతి రోజుదీ కలిపి సగటు వేసెయ్. ఎవరు చూడొచ్చారు? లేదంటే ఇంకో వానాకాలం ఆగాలి. ఈలోగా మన యూనివర్సిటీలో ఖాళీగా ఉన్న ఉద్యోగం ఇంకెవరో తన్నుకుపోతారు."

ఆమె ఇంటికొచ్చి పెన్సిలుతో ఒక అంకె వేసింది. పక్కనే మనవరాలిని ఒళ్లో ఊపుతున్న మామగారు అటు చూశాడు.

"ఆ రోజు నేను చూడలేదని రాశాను కదమ్మా."

"అక్కడ ఒక అంకె ఉండాలి మామయ్యా."

"ఎక్కని మనిషికి టికెట్టు కొట్టినట్టుంటుందేమో. తప్పు నాదేలే. కాస్త ధైర్యం చెయ్యాల్సింది."

"మీరు ధైర్యం చేసి ఆ వరదలో కొట్టుకుపోయుంటే ఈ మాట ఇప్పుడు నాతో ఎవరనేవాళ్లండీ?" అని ఆమె రబ్బరు తీసుకుని అంకె చెరిపేసింది.

ఉద్యోగం వేరొకరికి వెళ్లింది. మరుసటి వానాకాలం, పిల్లను భర్తకు అప్పజెప్పి, ఆమే వాగుకు వెళ్లింది. మామగారు కూడా బస్సెక్కాడు, వద్దన్నా వినకుండా. తొమ్మిదో వారంలో వరదొచ్చింది. ఇద్దరూ కల్వర్టు మీద నిలబడి తాడు కట్టి సీసా వదిలారు. అది నిండి పైకొచ్చేదాకా ఆయన ఒక చేత్తో తాడునీ, ఇంకో చేత్తో కోడలి రెయిన్‌కోటునీ పట్టుకునే ఉన్నాడు.

సీసాల్లోని నీళ్లకు చేసిన పరీక్షల ఫలితం చూసి ఆమె నేరుగా ఆయన దగ్గరికే వచ్చింది. "వరదలో సగం పైగా పాత నీళ్లే మామయ్యా. ఎప్పుడెప్పుడో నేలలో ఇంకినవి."

"మరి ఆ రోజు పడిన వాన?"

"చాలావరకు లోపలికి దిగి, పాతవాటిని ముందుకు నెట్టింది."

"అంటే వెనక తలుపులోంచి ఎక్కుతుంటే ముందువాళ్లు దిగారన్నమాట" అన్నాడాయన. ఎన్నో నెలల తర్వాత ఇద్దరూ కలిసి నవ్వారు.

డాక్టరేటు ఏడాది ఆలస్యంగా చేతికొచ్చింది. ఇంకో రెండేళ్లకు ఒక చిన్న కాలేజీలో ఉద్యోగం దొరికింది. మోకాళ్లు మొరాయించేదాకా మామగారే వాగు చూసొచ్చేవాడు. ఆ తర్వాత భర్త వంతు. ప్రొఫెసరు అయ్యేసరికి ఆమెకు యాభై రెండేళ్లు. అప్పటికి ఆ పిల్లవాగు లెక్కలు ఇరవయ్యారు వానాకాలాలవి, మూడు చేతిరాతల్లో, ఆమె బీరువాలో ఉన్నాయి.