తట్టలో నీళ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అనుమానపడే బాధ్యతంతా మా నాయనమ్మదే. పాలవాడు నవ్వితే పాలలో నీళ్లు కలిపాడనేది, నవ్వకపోతే ఇంకా ఎక్కువ కలిపాడనేది. ఆవిడ కొంగు పట్టుకుని పెరిగిన మనవరాలిని కనుక ఆ గుణం నాకూ అబ్బింది.

అప్పట్లో నాంపల్లి స్టేషన్ వెనక ఒక కిరాయి గదిలో ఉండేవాళ్లం. రిక్షా తొక్కే మా నాన్న కాలు విరిగి మంచాన పడ్డాడు. ఎన్నడూ గడప దాటి పనికి పోని మా అమ్మ, ఇల్లు గడవక, ఆబిడ్స్‌లో కడుతున్న ఒక మేడ దగ్గర కూలికి కుదిరింది. పని నేర్పిస్తానని అక్కడి ముసలి మేస్త్రీ చేర్చుకున్నాడు.

చిక్కంతా అమ్మ చీరతో వచ్చింది. మా వాడలో కట్టడం పనికి పోయే ఆడవాళ్లంతా సాయంత్రానికి దుమ్ము కొట్టుకుని వచ్చేవారు. అమ్మ మాత్రం రోజూ తల నుంచి భుజాల దాకా తడిసి వచ్చేది. ఒంటిమీద దుమ్మన్నదే ఉండేది కాదు. అడిగితే, "నీళ్లు మోయిస్తుండు" అని అలసటగా ఒక పక్కకు ఒరిగిపోయేది.

"ఇటిక మొయ్యదు, ఇసుక మొయ్యదు, కూలి మాత్రం ఇస్తడంట. ఉత్తగ ఎవడిస్తడే? గా మేస్త్రీ కత ఏందో చూసి రాపో. తేడా ఉంటే రేపటి సంది పని బంద్," అంటూ నాయనమ్మ నా చేతికి సద్దిగిన్నె ఇచ్చి పంపింది. పని బందైతే మా పొయ్యి కూడా బందే.

ఆ మేడకు వెదురు బొంగులు కట్టి, పలకలు వాలుగా పరిచి, పైకి దారి చేశారు. ఇసుక కుప్ప చాటున నిలబడి చూశాను. అమ్మ నెత్తిన నీళ్లు నింపిన ఇనుప తట్టతో ఎక్కుతోంది. కింద మేస్త్రీ బీడీ కూడా ముట్టించకుండా అటే చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది. తీరా గమనిస్తే ఆయన చూపు అమ్మ మీద లేదు. ఆమె దాటిన పలకల మీద పడిన చుక్కల మీద ఉంది.

"మా అమ్మతోని నీళ్లే ఎందుకు మోయిస్తున్నవ్ తాతా?" అని అడిగేశాను.

ఆయన కోప్పడలేదు. "పైన కొత్త గోడలకు కొట్టనీకి బిడ్డా. ఇటిక జారితే కిందున్నోళ్ల తల పగుల్తది. నీళ్లు జారితే మీ అమ్మ తడుస్తది, గంతే. చుక్క పడకుంట ఎక్కిననాడు ఇటిక ఎత్తుత. కొత్తగ ఎవరొచ్చినా నా తాన గిదే ఖాయిదా," అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే నాయనమ్మ నమ్మలేదు. నమ్మితే ఆవిడ మా నాయనమ్మే కాదు. తట్ట నిండా నీళ్లు పోసి, నెత్తిన పెట్టుకుని, వాకిట్లోంచి మెట్లెక్కబోయింది. రెండో మెట్టుకే నిలువునా తడిసింది. ఆ సాయంత్రం అమ్మ వచ్చేసరికి దండెం మీద పొడి చీర సిద్ధంగా ఉంది.

కొన్నాళ్లకు అమ్మ జుట్టు నిండా ఎర్రటి ఇటుక పొడితో వచ్చింది. నాయనమ్మ దాన్ని దులుపుతూ ఏడ్చింది. సంతోషంతో ఆవిడ ఏడవగా చూడటం నాకదే మొదలు.

ఆవిడ నుంచి అబ్బిన అనుమానం నాకింకా పోలేదు, పోవాలనీ లేదు. ఇప్పుడు మా మనవరాలికి కారు నేర్పడానికి ఒకాయన వస్తాడు. వాళ్లు బయలుదేరేటప్పుడు కిటికీ దగ్గర నిలబడి ఆయన కళ్లనే కనిపెడతాను. అవి రోడ్డు మీద ఉంటే, నెమ్మదిగా కిటికీ మూసేస్తాను.