కోల్డ్ స్టోరేజీలో మంచుకొండ

మురళీకృష్ణకు నలభై ఏడేళ్లు. పెనుబల్లి సెంటర్లో పురుగుమందుల కొట్టు. కొట్టుకు మెట్లు మూడే మూడు. అవి ఎక్కినా గల్లాపెట్టె దగ్గర కూలబడి కాసేపు మాట్లాడలేడు. అలాంటి మనిషి హిమాలయాల్లో ఆరువేల మీటర్ల మంచుకొండ ఎక్కుతానంటే ఊరు నవ్వలేదు. మన దగ్గర డబ్బున్నవాడు ఏం చెప్పినా ఊరు నవ్వదు, ఫ్లెక్సీ వేస్తుంది.

వేసింది కూడా. "పర్వతారోహకుడు మురళీకృష్ణ గారికి ఆదివారం ఆత్మీయ సన్మానం" అని సెంటర్లో ఇరవై అడుగుల ఫ్లెక్సీ లేచింది. వెనక మంచుకొండ, ముందు నల్లకళ్లద్దాలతో ఆయన. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. ఇక్కడ సోమలింగానికి శాలువా కూడా కొనేశారు.

"ముందు మురిసినమ్మకు పండుగ తెల్వదంట. ఎక్కొచ్చినాక కప్పించుకోరాదా?" అంది భార్య నిర్మలాదేవి.

"ఎక్కినాక ఎవరైనా కప్పుతరు. ముందే నమ్మి కప్పేటోళ్లు గొప్పోళ్లు," అన్నాడాయన.

చిక్కు వేరే ఉంది. కొండకు తీసుకుపోయే జట్టు నాయకుడు ఒక మెలిక పెట్టాడు. ఇరవై కిలోల బరువు వీపున వేసుకుని, ఆగకుండా గంటసేపు మెట్లు ఎక్కి దిగుతున్న వీడియో పంపాలి. శుక్రవారం లోపల రాకపోతే సీటు ఇంకొకరికి. సీటు పోతే ఆ ఫ్లెక్సీ కింద మొహం ఎలా చూపించాలన్న భయం ఆయన్ని నిజంగానే తినేస్తోంది. ఆ మాట మటుకు ఒప్పుకోవాలి.

బయట ఏప్రిల్ ఎండ నలభై మూడు. చలి అలవాటు కావాలంటే మన జిల్లాలో ఎక్కడికి పోవాలి? మిర్చి కోల్డ్ స్టోరేజీకి. అది బావమరిదిదే. గురువారం పొద్దున వీపున ఇరవై కిలోల సంచి, ఉన్ని టోపీ, మేకుల బూట్లు, మంచుగొడ్డలితో సహా దిగాడు. చలి దొరికింది గానీ, మిర్చి ఘాటు సంగతి మరిచిపోయాడు. మొదటి అంతస్తుకే పదకొండు తుమ్ములు. రెండో అంతస్తులో బూటు మెట్ల చెక్కల సందున ఇరుక్కుంది. మూడో అంతస్తులో కూలబడి, కొండమీద గాలి పల్చగా ఉంటుందని మేనేజరు అద్నాన్‌కు వివరించాడు. అద్నాన్ పాపం గంటసేపూ ఫోను పట్టుకుని వీడియో తీస్తూనే ఉన్నాడు.

హమాలీ జంపయ్య తన పనిలో తానున్నాడు. చండ్రుగొండ దగ్గరి అడవి పల్లె ఆయనది. నలభై ఐదు కిలోల బస్తా వీపున, ఒట్టికాళ్లతో, ఆరో అంతస్తుకు ఎక్కుతున్నాడు, దిగుతున్నాడు. "జర పక్కకు జరుగుండ్రి సారూ," అని ప్రతిసారీ మర్యాదగానే అడిగాడు. చివరికి సారును కూడా బస్తాలాగే వీపున వేసుకుని కిందికి దించాడు.

ఆ దించిన ముక్క ఒక్కటీ తీసేయించి, గంట వీడియో ఎవడు చూస్తాడులే అని మురళీకృష్ణ పంపేశాడు.

జట్టు నాయకుడు చూశాడు. సాయంత్రానికి జవాబు వచ్చింది. "మీరు విశ్రాంతి తీసుకోండి సార్. మీ వెనక బస్తాతో పద్నాలుగు సార్లు ఎక్కిదిగిన ఆయన ఫోన్ నంబర్ పంపండి. మీ సీటు ఆయనకిస్తాం, ఖర్చంతా మాదే."

కాళ్లు పట్టేసి మురళీకృష్ణ ఇంకా కోల్డ్ స్టోరేజీ ఆఫీసులోనే ఉన్నాడు. మూడుసార్లు చదువుకున్నాడు. గుమ్మంలో జంపయ్య టీ తాగుతున్నాడు.

"సారూ, గా కొండమీద ఏం దొరుకుతది?"

"ఏం దొరకదు. మంచే."

"అయినా గంత పైనుంచి చూస్తే మస్తుంటదేమో. నాకైతే ఒక్కపాలి చూడాలనున్నది," అన్నాడు జంపయ్య.

మురళీకృష్ణ తల ఎత్తలేదు. "ఆయనకు ఫోన్ లేదు" అని టైపు చేసి పంపాడు.

జంపయ్య లుంగీ మడతలో ఫోను మోగింది. "ఆఁ, వస్తున్న," అని గ్లాసు కింద పెట్టి, ఇంకో లారీ దించడానికి లేచాడు.

ఆదివారం సన్మానం ఘనంగా జరిగింది. సీటు పోయిందని ఆయన చెప్పలేదు, కొండ ఎప్పుడని ఎవరూ అడగలేదు. వేదికకు ఐదు మెట్లు. చెయ్యి పట్టుకుని ఎక్కించింది జంపయ్యే.